వాయిదాలకి వచ్చే మనిషి

భాద్రపద బహుళ పంచమి, ఉదయపు పోటు

ఈ రోజు నుంచి నేను బెయిలు న్యాయమూర్తిని. నిన్నటిదాకా నీటితీరువా ట్రిబ్యునల్‌లో ఉండేవాణ్ణి. అక్కడ ఒక రైతుకి అనుకూలంగా తీర్పు ఇచ్చానట, అదీ రాతపూర్వకంగా. అందుకని ప్రమోషన్ పేరు పెట్టి ఇక్కడికి తోలేశారు. శిక్ష పడ్డవాళ్ళు అప్పీలు చేసుకుంటే, ఆ అప్పీలు విచారణకి వచ్చేదాకా వాళ్ళని బయట ఉంచాలా లోపల ఉంచాలా అని తేల్చడం నా పని. నేరాలు తేల్చేదీ శిక్షలు వేసేదీ యంత్రమే. మరి ఈ పని మనిషికి ఎందుకు వదిలారని బెంచి క్లర్కు ఎస్తేరును అడిగాను. "ఏదైనా తేడా వస్తే తిట్టడానికి ఒకరు ఉండాలి కదండి" అంది.

మా కోర్టు పాత వంతెన మీద ఉంది. కింద ఒకప్పుడు గోదావరి పాయ ఉండేదట, ఇప్పుడు సముద్రం ఉంది. నీళ్ళు పెరిగే పోటు మీద పడవలో వస్తాం, నీళ్ళు వెనక్కి తీసే పాటు వచ్చేలోగా పని ముగించుకుని పోతాం. కాస్త ఆలస్యమైతే పడవ బురదలో కూర్చుంటుంది, దాంతోపాటు మేమూ కూర్చుంటాం. న్యాయానికి వేళాపాళా లేదని జనం ఊరికే ఆడిపోసుకుంటారు. మా దగ్గర న్యాయం రోజుకి రెండుసార్లు ఠంచనుగా వేళకి ఆగిపోతుంది.

మొదటి అర్జీ వాసంశెట్టి హైమది. సముద్రం నీళ్ళు కాలువలోకి రాకుండా ఆపే కొత్తగరువు లాకు తలుపులు తీసి మూసే ఉద్యోగం ఆమెది. తుఫాను రోజు సాయంత్రం లాకు మూసి ఉంచాల్సిన వేళలో తెరిచింది. ఎందుకయ్యా అంటే బయట సముద్రంలో పిల్లాపాపలతో పడవలు వరసగా ఆగి ఉన్నాయి. పడవలు లోపలికి వచ్చాయి, జనం బతికారు. వాళ్ళతోపాటు నీళ్ళు కూడా వచ్చి ప్రభుత్వ అతిథిగృహంలో తివాచీలు తడిశాయి. యంత్రం ఆరేళ్ళు శిక్ష వేసింది. పడవల వాళ్ళు సాక్ష్యం చెబుతామని వస్తే వాళ్ళకి డోరు నంబరు లేదని తిప్పి పంపింది. డోరు నంబరు లేకపోతే యంత్రం లెక్కలో మనిషి లేనట్టే. పడవకి డోరు నంబరు ఎవరు వేస్తారు? అప్పీలు ఆ ఒక్క పాయింటు మీదే. హైమ వకీలు ముదునూరి కమలాక్షి గారు దాన్ని చక్కగా వినిపించారు.

ఆరేళ్ళంటే ఆరేళ్ళు కూర్చోబెట్టడానికి మా దగ్గర జాగా లేదు. అందుకని విశ్రాంతి నిలయం అని ఒకటి కట్టారు, జనం దాన్ని మరుపుకొట్టు అంటారు. రాత్రి పడుకునేటప్పుడు తలకి టోపీ పెడతారు. లోపలికి వచ్చిన రోజు నుంచి వెనక్కి, రాత్రికి ఒక నెల చొప్పున, బతికిన రోజులు చెరిగిపోతాయి. ఆ నెల గురించి నిన్న తలుచుకున్న తలపులు కూడా దాంతోపాటే పోతాయి. లోపలికి వచ్చాక కళ్ళారా చూసినవి మాత్రం ఉంటాయి. ఆరేళ్ళూ ఖాళీ అయ్యాక టోపీ తీసేసి, చేతిలో రెండు అరటిపళ్ళు పెట్టి ఇంటికి పంపిస్తారు. నొప్పి లేదు, రక్తం లేదు. మానవత్వం విషయంలో మా ప్రభుత్వాన్ని వేలెత్తి చూపించలేరు.

హైమ లోపలికి వెళ్ళింది పౌర్ణమికి. అంటే తుఫాను సాయంత్రం ఎప్పుడో పోయింది. ఎందుకు పట్టుకొచ్చారో తెలుసా అని అడిగితే, "లాకు దగ్గర ఏదో చేశానంటండి" అంది, పక్కింటి వాళ్ళ గొడవ చెప్పినట్టు. గోడవారగా నిలబడ్డ మొగుణ్ణి చూసి మాత్రం నవ్వింది. పిల్లికి చేప వేశావా అని అడిగింది. అతను వేశానని తలూపాడు. అతని పేరు గుబ్బల వీరభద్రం, పడవలకి తారు పూసే పని. జామీను ఉంటానని వచ్చాడు.

ప్రభుత్వ వకీలు, పీపీ సోమయాజులు గారు బెయిలుని గట్టిగా ఎదిరించారు. ముద్దాయికి ఈత వచ్చు కనక పారిపోవచ్చునన్నారు. చుట్టూ సముద్రమే కదా, ఎక్కడికి పారిపోతుందని అడిగాను. అది దర్యాప్తులో తేలాలన్నారు. రెండో అభ్యంతరం మరీ గొప్పది. ముద్దాయి బయట ఉంటే చేసిన నేరాన్ని గుర్తుంచుకునే ప్రమాదం ఉందట. కౌంటరు వేయడానికి వాయిదా కావాలన్నారు. ఇచ్చాను. వచ్చిన మొదటి రోజే గొడవ ఎందుకని ఇచ్చాను.

భాద్రపద అమావాస్య

ఇంట్లో సముద్రం నీళ్ళలోంచి ఉప్పు తీసే కుండ బూజు పట్టింది. చింతపండు పెట్టి తోమాను. సగం పొద్దు దానికే సరిపోయింది. ఈ ఊళ్ళో గుక్కెడు నీళ్ళు తాగాలంటే ముందు గంటసేపు గిన్నెలు తోమాలి. భార్య ఉన్నన్నాళ్ళూ ఈ పని ఆవిడే చేసేది, నేనేమో కుండ దానంతట అదే శుభ్రపడుతుందనుకునేవాణ్ణి.

మధ్యాహ్నం ఎస్తేరు వచ్చి కబురు చెప్పింది. ఇంతవరకూ ఈ కోర్టులో ఒక్క బెయిలూ మంజూరు కాలేదట. బడిలో నూటికి నూరు శాతం పాసైనట్టు చెప్పింది. కారణం అడిగితే, చట్టంలో రాసి ఉన్నదే చెప్పింది: అప్పీలు గెలిచే అవకాశం కనిపిస్తేనే బెయిలు ఇవ్వాలి. ఆ అవకాశం ఎంతో లెక్క కట్టడానికి తూనిక అనే యంత్రం ఉంది. ఇప్పటిదాకా అది ఎవరికీ సున్నాకి మించి ఇవ్వలేదు. టోపీ ఆపమని ముందుగా ఒక ఉత్తర్వు ఇవ్వొచ్చా అన్నాను. టోపీ ఆరోగ్యశాఖ కిందికి వస్తుందనీ, నిద్ర మీద కోర్టులకి అధికారం లేదనీ అంది.

ఆశ్వయుజ శుద్ధ షష్ఠి

పీపీ గారు కౌంటరు వేశారు. దాంతోపాటు తూనిక నివేదిక కూడా వచ్చింది. ఒకటే అంకె ఉంది, సున్నా. కింద ఒక వాక్యం: గతంలో ఏ అప్పీలూ గెలవలేదు కనక ఇదీ గెలవదు. యంత్రాన్ని నేను తప్పుపట్టను. మా మేనమామ కూడా ఇలాగే మాట్లాడేవాడు, ఆయన్ని ఊరంతా తెలివైనవాడనేవారు.

వీరభద్రం ఇవాళ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. హైమ అతన్ని చూసి పలకరించింది గానీ పిల్లి ఊసు ఎత్తలేదు. అతనే పిల్లి బాగానే ఉందన్నాడు. "ఏ పిల్లి?" అంది. దాన్ని క్రితం ఏడాది తెచ్చుకున్నారట. ఆ ఏడాది పోయింది. కాపలా ఉన్న నిలయం మనిషి వెంటనే మొట్టికాయ వేసినట్టు దగ్గాడు. లోపల ఉన్నవాళ్ళకి పోయినవి గుర్తుచేయడం నేరం.

వాదనలు వినేసి ఇవాళే తేల్చేద్దామనుకున్నాను. పీపీ గారు ఆరోగ్యశాఖ అభిప్రాయం కూడా కావాలన్నారు. ఆలోగా పాటు మొదలైంది, పడవ కిర్రుమంటోంది. మళ్ళీ వాయిదా ఎప్పుడు వేయమంటారని అడిగితే దసరా సెలవుల తర్వాత అన్నారు. అంతవరకూ ఒక మూల నిలబడ్డ వీరభద్రం చేతులు కట్టుకుని ముందుకి వచ్చాడు.

"అయ్యగారండి, సెలవులు తీసుకోండి, ఆయ్. పండగ మీకూ ఉంటాది కదండి. కాకపోతే మా పెళ్ళయ్యి మూడేళ్ళండి. రాత్రికో నెల అంటన్నారు. లెక్క చూసుకుంటే ఆ పెళ్ళి దసరా ఎల్లాక పది రోజులికి పోతాదండి. అది పోయినా పర్లేదు గానండి, దానికి ముందు దాన్ని ఒప్పించడానికే నాకు రెండేళ్ళు పట్టిందండి. అది కూడా పోతే నాకు మళ్ళీ అంత ఓపిక ఉంటాదో లేదో తెలీడం లేదండి."

కోర్టు హాలంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. నవ్విన తర్వాత సెలవులు తగ్గించే అధికారం నాకు లేదని గుర్తొచ్చింది. వాయిదా వేశాను.

ఆశ్వయుజ శుద్ధ నవమి

సెలవు. తొట్టిలో వంకాయ మొక్కకి రెండు కాయలు కాశాయి, కూర వండుకున్నాను. పండగ పూట పెద్ద న్యాయమూర్తి గారి మనిషి మిఠాయి పొట్లంతో వచ్చాడు. అయ్యగారు మిమ్మల్ని అడిగారన్నాడు. లాకు కేసు ఎందాకా వచ్చిందని కూడా అడిగారట. దీవిలో దీపస్తంభం దగ్గర చిన్న కోర్టు ఒకటి ఖాళీగా ఉందనీ, అక్కడ గాలి చాలా మంచిదనీ, నా ఆరోగ్యానికి సరిపడుతుందేమో అనుకుంటున్నారనీ చెప్పాడు. మిఠాయి బాగుంది. ధైర్యం అనేది నాలో పెద్దగా లేదు, ఉన్న కాస్తా ఆ పొట్లం చూసి మెత్తబడింది. రెండు ముక్కలు తిన్నాను.

ఆశ్వయుజ బహుళ సప్తమి

సెలవులు అయిపోయాయి. పీపీ గారికి జలుబు. ఆయన తరఫున ఒక కుర్ర వకీలు వచ్చి జలుబు వివరాలు చాలాసేపు చెప్పాడు.

పెళ్ళి పోయింది. హైమ మెడలో పుస్తెలు విశ్రాంతి నిలయం వాళ్ళు ముందే తీసి భద్రపరిచారు కనక ఆ సంగతి ఆమెకి తెలియదు. వీరభద్రాన్ని చూసి చటుక్కున తలదించుకుంది, బుగ్గలు ఎర్రబడ్డాయి. కొంగు సవరించుకుంది. నాలాంటి ముసలివాడికి కూడా అర్థమైంది, ఆమె లెక్కలో వాళ్ళిద్దరూ ఇంకా లాకు గట్టు మీద దొంగచాటుగా మాట్లాడుకుంటున్న రోజుల్లో ఉన్నారు. వీరభద్రం కూడా సిగ్గుపడ్డాడు. వాళ్ళకి పెళ్ళిచూపులు జరుగుతున్నాయో బెయిలు విచారణ జరుగుతోందో తెలియలేదు.

వాయిదా ఇచ్చేశాక పాటుకి ఇంకా వేళ ఉంది కనక పై అంతస్తుకి వెళ్ళాను. అక్కడ అప్పీలు బెంచి కూర్చుంటుంది. ముగ్గురూ మనుషులే, పెద్దలకి కుర్చీలు కావాలి కనక అక్కడ యంత్రం పెట్టలేదు. ఒక అప్పీలుదారు నిలబడి ఉన్నాడు. అతను వేసుకున్న అప్పీలు ఇన్నాళ్ళకి పిలుపుకి వచ్చింది. మధ్య కుర్చీ ఆయన రివాజు ప్రకారం, "అప్పీలు కొనసాగించే ఉద్దేశం ఉందా?" అని అడిగారు.

"అప్పీలేంటండి?" అన్నాడు అతను.

పక్కవాళ్ళు ఏదో శిక్ష విషయమని చెప్పారు. తనకి శిక్ష ఏమీ పడలేదనీ, ఒంట్లో బాగుందనీ, అరటిపళ్ళు చాలా తియ్యగా ఉన్నాయనీ చెప్పి నమస్కారం పెట్టాడు. బెంచి కూడా తిరిగి నమస్కారం పెట్టింది. ఉపసంహరించుకున్నారు అని ముద్ర పడింది. అది వేసి వేసి రబ్బరు అరిగిపోయి ఉంది. తర్వాతి మనిషి వచ్చాడు. అదే ప్రశ్న, ఇంచుమించు అదే జవాబు.

కిందికి దిగి వస్తుంటే సంగతి అర్థమైంది. అప్పీళ్ళు గెలవవు, ఎందుకంటే చేసుకున్నవాడికి ఎందుకు చేసుకున్నాడో గుర్తుండదు. గుర్తుండదు, ఎందుకంటే బెయిలు రాలేదు. బెయిలు రాదు, ఎందుకంటే అప్పీళ్ళు గెలవవు. ఇంత చక్కగా గుండ్రంగా తిరిగే గానుగ నేనెక్కడా చూడలేదు. దానికి కట్టిన ఎద్దుని నేనే. ఈ ముక్క ఎవరికీ తోచకపోవడం వింత కాదు. తోచినవాళ్ళంతా దీపస్తంభం దగ్గర మంచి గాలి పీలుస్తున్నారేమో.

కార్తీక శుద్ధ విదియ

దీపావళి అయిపోయింది, తుఫాను రాలేదు, పీపీ గారి జలుబు తగ్గింది. వాయిదాకి ఇక సాకు దొరక్క ఆయనే వాదనకి లేచారు. బెయిలు ఇస్తే ప్రజలకి న్యాయవ్యవస్థ మీద నమ్మకం సడలుతుందన్నారు. కమలాక్షి గారు తలుపు దగ్గర నిలబడ్డ పడవల వాళ్ళని చూపించి, "ఈవిడ తలుపు తియ్యకపోతే వీళ్ళెవరూ ఇవాళ ఇక్కడ నమ్మకం సడలడానికి కూడా ఉండేవాళ్ళు కాదండి" అన్నారు. ఉత్తర్వు రిజర్వు చేశాను. హైమ అటూ ఇటూ చూస్తూ కూర్చుంది. వీరభద్రం వైపు చూసినప్పుడు ఆమె కళ్ళు ఆగలేదు, గోడ మీంచి గోడ మీదికి పోయాయి. అది అతను గమనించడం నేను చూశాను.

కార్తీక శుద్ధ దశమి

బెయిలు ఇచ్చాను.

ఉత్తర్వు చిన్నదే. తూనిక చూపించే సున్నా అప్పీలు బలహీనతని కొలవడం లేదు, మరుపుకొట్టు పనితనాన్ని కొలుస్తోంది అని రాశాను. డోరు నంబరు లేని సాక్షిని వినకపోవడం తప్పో కాదో పై బెంచి తేల్చాలి, తేల్చేటప్పుడు అప్పీలుదారు మనిషిగా మిగిలి ఉండాలి అని రాశాను.

సోమయాజులు గారు ఏమీ కంగారుపడలేదు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. ఆయన లేచి జామీను నియమం చదివారు. పూర్వం కోర్టు గుమ్మం దగ్గర అద్దె జామీనుదారులు దొరికేవారట. మీకు అన్న కావాలంటే అన్న, బాబాయి కావాలంటే బాబాయి. ఆ బెడద తప్పించడానికి ఒక నియమం పెట్టారు: జామీను ఉండే మనిషిని ముద్దాయి స్వయంగా, ఎవరూ అందించకుండా, పేరూ వరుసా చెప్పి గుర్తించాలి. గుర్తించకపోతే బెయిలు దానంతట అదే రద్దు. ముందుగా జామీనుదారు ఇల్లు ఎక్కడుందో లాకు కచేరీ వాళ్ళు పోయి చూసి రావాలి. పౌర్ణమికి దీపాల సెలవు కనక ఆ తర్వాత.

హైమ వైపు చూశాను. వీరభద్రాన్ని చూసి ఆమె మొహం చిట్లించి కమలాక్షి గారి చెవిలో, అందరికీ వినపడేంత గట్టిగానే, "ఈయన ఇక్కడికి కూడా వచ్చేశాడేంటండి, లాకు గట్టు మీద వదల్డు" అంది. ఒప్పించిన రెండేళ్ళలో తొలి నెలలు అవి, ఆమెకి అతనంటే ఒళ్ళుమంట. పీపీ గారు చాలా మర్యాదగా నవ్వారు. పౌర్ణమి దాటితే ఆ ఒళ్ళుమంట కూడా మిగలదని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు, వీరభద్రానికి మా ఇద్దరికంటే బాగా తెలుసు. అతను ఆ మాట విని మొదటిసారి హాయిగా నవ్వాడు. తిట్టుకైనా గుర్తున్నానని కాబోలు.

సాయంత్రం ఇంటికి వచ్చి కుండ తోమలేదు. నీళ్ళు లేకుండానే పడుకున్నాను. ఇవాళ కోపం వచ్చింది, ఎవరి మీదని చెప్పలేను, ఎక్కువ నా మీదే. మొదటి రోజే ఇచ్చి ఉంటే ఆమె పేరూ వరుసా చెప్పి, పిల్లి గురించి మాట్లాడుకుంటూ పోయేది.

కార్తీక బహుళ షష్ఠి

పోటు తక్కువగా ఉంది, పడవ మెల్లగా వచ్చింది. కోర్టులో అప్పటికే జనం. పడవల వాళ్ళు, తారు పని వాళ్ళు, ఎక్కడెక్కడి వాళ్ళూ. వీరభద్రం అదే ఇస్త్రీ చొక్కా. మెడ దగ్గర తారు మరక వదల్లేదు, పాపం చాలా రుద్దినట్టున్నాడు.

హైమని బోనులో నిలబెట్టారు. ఒళ్ళు చేసింది, మొహం నిండుగా ఉంది. మరుపుకొట్టులో తిండి బాగుంటుంది. ఎస్తేరు నియమం చదివి వినిపించింది. కమలాక్షి గారు నోరు మెదపడానికి వీల్లేదు. వీరభద్రం కళ్ళతో కూడా సైగ చేయకూడదని పీపీ గారు అంటే అతన్ని గోడవైపు తిరిగి నిలబడమన్నాను, తర్వాత అది అన్యాయంగా తోచి మళ్ళీ ఇటు తిరగమన్నాను.

వీరభద్రాన్ని చూపించి, ఆయన ఎవరో చెప్పమని హైమని అడిగాను.

"గుబ్బల వీరభద్రం అండి" అంది వెంటనే.

హాల్లో గాలి మారింది. పీపీ గారు లేచి, పేరు ప్రతి వాయిదాకీ బంట్రోతు పిలుస్తాడు కనక అది గుర్తింపు కిందికి రాదన్నారు. లోపలికి వచ్చాక చూసినవి పోవని చెప్పింది మీ శాఖవారే కదా అన్నాను. ఆయన కూర్చుని, వరుస అడగమన్నారు.

వరుస అడిగాను. హైమ చాలాసేపు అతని వైపు చూసింది. తాడు వదిలిన పడవ దూరంగా పోతుంటే గట్టు మీద నిలబడి చూసేవాళ్ళ చూపు అది. అతను కదలకుండా నిలబడ్డాడు.

"వరుస అంటే... ఏమీ అవడండి నాకు" అంది.

వీరభద్రం కళ్ళు మూసుకున్నాడు. పీపీ గారు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు.

"ఈయన వాయిదాలకి వచ్చే మనిషండి" అంది హైమ. "నా మనుషులంటూ ఎవరూ రాలేదండి, ఒక్క వాయిదాకీ. ఈయన అన్నిటికీ వచ్చాడు. ఎండెక్కినా కూర్చోమన్నా కూర్చోడు. చొక్కా ఒకటే, ఉతుక్కుని వేసుకొస్తాడు. ఎందుకొస్తన్నాడో నాకు చెప్పలేదండి, నేనూ అడగలేదు. మీరు వరుస చెప్పమంటే నాకు తెలిసింది ఇదేనండి."

వరుస తెలియలేదు కనక బెయిలు రద్దు అన్నారు పీపీ గారు. నియమం మరోసారి చదివాను. ముద్దాయి వరుస చెప్పాలని ఉంది. మొగుడనో మామ అనో చెప్పాలని ఎక్కడా లేదు. అద్దె జామీనుదారుల్ని ఆపడానికి పెట్టిన నియమం ఇది, అద్దె మనిషి ఒక వాయిదాకి వస్తాడు, అన్నిటికీ రాడు. ఆమె చెప్పిన వరుస కంటే గట్టి వరుస ఈ హాల్లో ఎవరికీ లేదు. ఎస్తేరుని రాసుకోమన్నాను: పేరు, గుబ్బల వీరభద్రం, వరుస, వాయిదాలకి వచ్చే మనిషి, గుర్తించడమైనది.

టోపీ నుంచి ఆమెని ఆ మధ్యాహ్నమే తప్పించారు. ఆరేళ్ళలో ఆరేడు నెలలు మిగిలాయట. బయటికి వచ్చాక ఆమెకి అన్నీ చెప్పవచ్చు కనక కమలాక్షి గారు అక్కడే చెప్పేశారు, అతను నీ మొగుడమ్మా అని. బెయిలు షరతు ప్రకారం జామీనుదారు ఇంట్లో ఉండాలని కూడా చెప్పారు. హైమ తిరిగి నా దగ్గరికి వచ్చింది.

"అప్పుడెప్పుడో ఆవిడెవరో పెళ్ళికి ఒప్పుకుంటే ఇప్పుడు నన్నెలా పంపుతారండి? నేను ఒప్పుకోలేదు కదా."

నిజమే. షరతు మార్చి మహిళా వసతిగృహంలో ఉండమన్నాను. వీరభద్రాన్ని అభ్యంతరమా అని అడిగాను. "ఆయ్, లేదండి. అది అలాగే అంటాదండి" అన్నాడు. అతను ఏడుస్తున్నాడు, కాకపోతే సంతోషంగా ఏడుస్తున్నాడు. నాకూ కళ్ళు మండాయి.

మార్గశిర శుద్ధ విదియ

దీపస్తంభం కోర్టుకి బదిలీ ఉత్తర్వు వచ్చింది. గాలి మంచిదని రాశారు. చేతిలో ఉన్న అర్జీలు ముగిసేదాకా ఇక్కడే ఉండాలని చివర ఒక వాక్యం కూడా ఉంది. హైమ అర్జీ ఆమె అప్పీలు తేలేదాకా ముగియదు. ఉత్తర్వు రాసినవాళ్ళు అప్పీళ్ళు ఉపసంహరణలో ముగియడానికి అలవాటుపడిపోయారు, అది వాళ్ళ దృష్టికి రాలేదు. నేను తీసుకురాను.

వైశాఖ శుద్ధ తదియ

హైమ అప్పీలు పై బెంచికి వచ్చింది. మామూలుగా అయితే ఇంకా ఏడాదిన్నర పట్టేది, కాకపోతే బయట తిరుగుతున్న అప్పీలుదారుని తలుచుకుంటే పెద్దలకి నిద్ర పట్టడం లేదట. నేను వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చున్నాను. మధ్య కుర్చీ ఆయన రివాజు ప్రశ్న అడిగారు, ముద్ర చేతిలో పట్టుకునే అడిగారు.

"ఉందండి" అంది హైమ. "తీర్పు రెండుసార్లు చదివానండి. ఆ లాకు తీసిన మనిషి నేనే అంటన్నారు, నాకైతే గుర్తులేదు. ఎవరైనా కానీండి, ఆవిడకి అన్యాయం జరిగిందండి. ఆ పడవల వాళ్ళని పిలిచి అడగండి."

ముద్ర గాల్లోనే ఆగిపోయింది. ఉపసంహరణ తప్ప వాళ్ళ దగ్గర ఇంకో ముద్ర లేదు. కాసేపు గుసగుసలాడుకుని, కొత్త ముద్ర చేయించాలనీ సాక్షుల్ని పిలవాలనీ చెప్పి వాయిదా వేశారు. పడవల వాళ్ళు గుమ్మంలో నిలబడి ఉన్నారు. వాళ్ళ డోరు నంబరు ఏం రాయాలని బంట్రోతు వాళ్ళని అడుగుతున్నాడు. ఎవరో కొత్తగరువు లాకు అని రాయమన్నారు.

నేను కిందికి వచ్చేసరికి నా బల్ల మీద ఒక అర్జీ ఉంది. బెయిలు షరతు మార్చమని హైమ పెట్టుకుంది. వసతిగృహం నుంచి జామీనుదారు ఇంటికి మారడానికి అనుమతి కావాలట. కారణం అని ఉన్నచోట "ఇష్టపడి" అని ఒక్క ముక్క రాసింది. ఇద్దరూ వచ్చి నిలబడ్డారు, మధ్యలో ఒక బుట్ట, బుట్టలో పిల్లి.

ప్రభుత్వానికి అభ్యంతరం ఉందా అని అడిగాను. సోమయాజులు గారు లేచారు. ఇన్నేళ్ళలో ఆయన అభ్యంతరం లేదని చెప్పిన రోజు లేదు. ఇవాళ నా వైపు కాకుండా వీరభద్రం వైపు తిరిగారు.

"మొదటిసారి రెండేళ్ళు పట్టిందన్నావు కదయ్యా. ఈసారి ఆర్నెల్లేనా?"

"ఆయ్" అన్నాడు వీరభద్రం. "ఆ రెండేళ్ళూ నేను చేసిన ఎదవ పనులు దానికి గుర్తులేవండి. నాకు అన్నీ గుర్తున్నాయి కదండి, ఈసారి అయ్యి చెయ్యలేదు."

హైమ అతన్ని మోచేత్తో పొడిచింది. సోమయాజులు గారు అభ్యంతరం లేదని చెప్పి కూర్చున్నారు. అర్జీ మంజూరు చేశాను.